దాచుకున్న ప్లగిన్ ఖరీదు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పని టికెట్ల మీద నడుస్తుంది. ఏ పని ఎవరి చేతిలో ఉంది, ఎన్ని గంటలు పట్టింది, గడువు ఎప్పుడు అన్న లెక్కంతా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. కొన్ని సంస్థలు దాన్ని డబ్బు పెట్టి కొంటాయి. మరికొన్ని, 2006లో మొదలైన రెడ్‌మైన్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్లో పెట్టుకుంటాయి. ఏ రెండు ఆఫీసుల పద్ధతీ ఒకేలా ఉండదు కాబట్టి, ఉన్నదానికి తమకు కావలసిన సదుపాయం జోడించుకోవడానికి చిన్న ప్లగిన్లు రాసుకుంటాయి. ఆ ప్లగిన్లలో ఆఫీసు గడప దాటనివి ఎన్నో. ‘మన డబ్బుతో రాయించుకున్నది ఊరికే ఎందుకు ఇవ్వాలి’ అన్న ప్రశ్న వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లెక్క వేసి చూస్తే దాచుకోవడం పొదుపు కాదు, వెర్షన్ మారినప్పుడల్లా కొత్తగా కట్టే జరిమానా.

రెడ్‌మైన్‌లో ప్లగిన్ అంటే ఒక ఫోల్డర్. ప్లగిన్ల కోసం కేటాయించిన చోట దాన్ని పెట్టి సర్వర్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే పని మొదలవుతుంది. పేరు, రాసినవారు, వెర్షన్, కనీసం ఏ రెడ్‌మైన్ కావాలి అన్న వివరాలు అందులోని ఒక చిన్న ఫైలులో ఉంటాయి. గంటలు నమోదు చేయనిదే టికెట్ మూయకూడదన్న నియమం కావాలనుకోండి. టికెట్ సేవ్ అయ్యే ముందు దాని మీద గంటలు పడ్డాయా లేదా అని చూసి, పడకపోతే ఆపేసే కొద్ది లైన్లు చాలు. చేయి తిరిగిన ప్రోగ్రామర్‌కు ఒక పూట పని. అసలు శ్రమ రాయడంలో లేదు, రాసినదాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టడంలో ఉంది. ప్లగిన్ ఆనుకున్న గోడ ఒకచోట ఉండదు, జరుగుతూ ఉంటుంది.

2018 డిసెంబరులో రెడ్‌మైన్ 4.0 వచ్చినప్పుడు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. రెడ్‌మైన్‌కు పునాది రూబీ ఆన్ రైల్స్. అప్పటిదాకా రైల్స్ 4.2 మీద నడిచినది ఆ విడుదలతో 5.2కి మారింది. అసలు కోడ్‌కు తమ కోడ్‌ను ముడివేయడానికి ప్లగిన్ రచయితలు ఏళ్లుగా వాడుతున్న ‘అలియాస్ మెథడ్ చైన్’ అనే సదుపాయం ఈలోగా రైల్స్ నుంచి మాయమైంది. డేటాబేస్ పట్టికలను మార్చే ప్రతి ఫైలులోనూ రైల్స్ వెర్షన్ నంబర్ రాయడం తప్పనిసరైంది. మొదటిది సవరించకపోతే సర్వరే లేవదు, రెండోది సవరించకపోతే పట్టికలు తయారుకావు. సవరణలు నిజానికి చిన్నవి. నలుగురూ వాడే ప్లగిన్‌కు ఎవరో ఒకరు ఆ సవరణ చేసి పంపితే మిగిలినవారు దించుకుంటే సరిపోతుంది. తాళం వేసుకున్న ప్లగిన్‌కు ఆ వెసులుబాటు లేదు. ప్రతి ఆఫీసూ అదే లోపాన్ని సొంతంగా వెతుక్కోవాలి. రాసిన మనిషి ఈలోగా ఉద్యోగం మారితే ఆ కోడ్ జోలికి వెళ్లడానికే అందరూ జంకుతారు. చివరికి పాత వెర్షన్లోనే ఉండిపోతారు, దానికి భద్రతా సవరణలు రావడం ఆగిపోతుంది. 2022లో 5.0 వచ్చినప్పుడు ఫైళ్ల పేర్లూ వాటిలోని క్లాసుల పేర్లూ సరిపోలాలన్న నియమంతో మళ్లీ అదే తంతు.

పంచిన కోడ్ దారి వేరు. స్క్రమ్ పద్ధతిలో పనిచేసే బృందాల కోసం రెడ్‌మైన్‌కు కొందరు ‘బ్యాక్‌లాగ్స్’ అనే ప్లగిన్ రాశారు. 2011లో రెడ్‌మైన్ నుంచి ఒక వర్గం విడిపోయి చిలీప్రాజెక్ట్ పెట్టింది. కొన్నేళ్లకు అది ఆగిపోయింది. కానీ దాని నుంచి పుట్టిన ఓపెన్‌ప్రాజెక్ట్ నిలబడింది, బ్యాక్‌లాగ్స్ కోడ్ అందులో ఒక భాగమై కొనసాగింది. మొదట రాసినవారు ఊహించని సాఫ్ట్‌వేర్‌లో, వారికి తెలియని చేతుల్లో ఆ పని బతికింది. ఒక ఆఫీసు సర్వర్లో దాగి ఉంటే ఆ సర్వర్‌తోనే పోయేది.

పోటీ కంపెనీ లాభపడదా అని అడగవచ్చు. పడుతుంది. అయితే టికెట్లు మూసే నియమం చూసి ఏ క్లయింటూ కాంట్రాక్టు ఇవ్వడు. గుట్టుగా ఉంచాల్సినవి రేట్లు, క్లయింట్ల పేర్లు, పాస్‌వర్డులు. అవి కోడ్‌లో ఉండనే కూడదు, సెట్టింగుల్లో ఉండాలి. బయటపెట్టక తప్పదనుకుంటే ఆ శుభ్రత దానంతటదే అలవడుతుంది. చట్టం బలవంతపెడుతుందా అంటే అదీ లేదు. రెడ్‌మైన్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్స్, సంస్థ లోపలే వాడుకున్నంత కాలం మార్పులు బయటపెట్టమని అడగదు. మరోవైపు, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌పై హక్కు మన కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. కాబట్టి హైదరాబాద్‌లో కూర్చున్న ప్రోగ్రామర్‌కు ఎంత ఉత్సాహం ఉన్నా సొంతంగా ఇచ్చేయలేడు. నిర్ణయం యాజమాన్యానిది.

వీటన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. ఒకసారి బయట పెడితే ముక్కూమొహం తెలియనివారు ‘పనిచేయడం లేదు, బాగుచేయండి’ అంటూ వెంటపడతారు. ఈ మాటలో నిజముంది. పెట్టి వదిలేసిన ప్లగిన్ దాచుకున్నదానికన్నా ప్రమాదకరం కూడా, ఎందుకంటే నమ్మి వాడేవారు ఉంటారు. అయితే దీనికి మందు దాచడం కాదు, ఉన్నదున్నట్టు చెప్పడం. సాఫ్ట్‌వేర్ తయారీని యాంత్రికం చేసే జెంకిన్స్‌లో, చూసుకునేవారు లేని ప్లగిన్‌కు ‘దత్తతకు సిద్ధం’ అన్న గుర్తు పెడతారు. ఆసక్తి ఉన్నవారు అడిగి బాధ్యత తీసుకుంటారు. హామీ ఏమీ లేదని జీపీఎల్ కూడా ముందే చెబుతుంది. ఏ వెర్షన్ దాకా పరీక్షించామో, ఇకపై చూస్తామో లేదో రెండు వాక్యాల్లో రాస్తే ఎవరినీ మోసం చేసినట్టు కాదు.

అందుకే పంచడమంటే అప్‌లోడ్ చేసి చేతులు దులుపుకోవడం కాదు, నెలకో పూట దాని కోసం పక్కన పెట్టడం. రహస్యంగా ఉంచినా ఆ పూట తప్పదు. కాకపోతే అది అప్‌గ్రేడ్ రోజున, అర్ధరాత్రి, ఒంటరిగా వస్తుంది. ప్రతి ఉద్యోగి ప్రతి గంటకూ లెక్క అడిగే సాఫ్ట్‌వేర్‌లో దాని సొంత ప్లగిన్ నిర్వహణకు మాత్రం టికెట్ ఉండదు. మొదట తెరవాల్సింది ఆ టికెట్.