చక్కెర కొలుచు సెన్సరు

మధుమేహముగల బాలబాలికల భుజములపై నేఁడు నాణెమంత సెన్సరు కనఁబడుచున్నది. మాటిమాటికి వ్రేలిని పొడుచుకొను బాధను తప్పించిన యీ యుపకరణము మేలైనదే. అయినను అది చూపు ప్రతి యంకెను సత్యమని గైకొనరాదని నా యభిప్రాయము.

అది కొలుచునది నెత్తుటిలోని చక్కెరను గాదు. చర్మముక్రింద కణముల నడుమనుండు ద్రవములోని దానిని. నెత్తుటిలోని మార్పు అచ్చట కనఁబడుటకు 5 మొదలు 15 నిమిషములు పట్టును. కావున విద్యార్థి బంతియాటలో పరుగిడునప్పుడు సెన్సరు 90 అని చూపుచుండఁగా, నెత్తురులో నప్పటికే 70కి దిగియుండవచ్చును. ఆ భుజముమీఁద నొత్తిగిలి నిద్రించినచో, లేని తగ్గుదలను చూపి అర్ధరాత్రమున గంట మ్రోగించుటయుఁ గలదు. మంచి సెన్సర్లలో సైతము సగటు భేదము నూటికి 8 మొదలు 10 వరకుండును.

చెమట, వణఁకు, తలత్రిప్పుట కనఁబడినప్పుడు, అంకె యెట్లున్నను, పిల్లవాని మాట నమ్మి వ్రేలినెత్తురు పరీక్షింపవలెను. తల్లిదండ్రులారా, పాత గ్లూకోమీటరును మూలఁ బడవేయక పిల్లవాని సంచిలో నుంచి పంపుఁడు.

చర్మమును గ్రుచ్చకయే చక్కెరను చెప్పుదుమను గడియారములు, ఉంగరములు వేఱు. అట్టి వానికి వేనికిని అనుమతి నీయలేదని అమెరికా ఆహారౌషధ శాఖ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించినది. వానిని నమ్మి ఇన్సులిను అధికముగా గైకొన్నచో కొన్ని గంటలలోనే స్మృతి తప్పవచ్చును, ప్రాణమే పోవచ్చును.