కాటిసీనుకు అనుమతి ఎవరిది?

కృష్ణా మెట్టసీమలోని నందిగామలోనో జగ్గయ్యపేటలోనో (2022 నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలోనివి) ఒక పాఠశాల తన వార్షికోత్సవమున పిల్లలచే హరిశ్చంద్ర కాటిసీను ఆడింపదలచినదనుకొందము. నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 1953లో గతించిరి. రచయిత జీవితకాలమును, తదుపరి అరువది సంవత్సరములును గ్రంథస్వామ్యముండునని మన చట్టము. కావున ఆ నాటకము 2014 నుండి అందరిదియు. కాని కాటిసీనులో నటులు విడువక పాడు శ్మశానవాటి పద్యములు బలిజేపల్లివారివి కావు, జాషువావి. ఆ మహాకవి 1971లో అస్తమించినందున వాటి హక్కు 2031 చివరివరకు నిలుచును. ఒకే రంగమున, ఒకే నటుని నోట, ఒక పద్యము ఊరుమ్మడి సొత్తు, మరియొకటి పరుల సొత్తు!

అట్లని హార్మోనియము మూయనక్కరలేదు. విద్యాలయ కార్యక్రమములలో ఉపాధ్యాయులు, విద్యార్థులు నాటకమాడుటను 1957 నాటి కాపీరైటు చట్టము 52వ విభాగము తప్పుగా ఎంచదు. పెనుగంచిప్రోలు తిరునాళ్లలో టిక్కెట్టు లేక ఆడు ఔత్సాహిక సమాజమునకును అందు చోటున్నది. పాఠము చెప్పుటకై పద్యమును ప్రతులు తీసి పంచవచ్చును, ప్రశ్నపత్రములో ఈయవచ్చును. ఢిల్లీ విశ్వవిద్యాలయమునందలి ఒక ఫోటోకాపీ దుకాణముపై ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మున్నగు ప్రచురణసంస్థలు 2012లో దావా వేసినవి. 2016లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము, బోధనకు ఎంత అవసరమో చూడవలెనే కాని పుటల లెక్క కొలత కాదన్నది. మరుసటి ఏట సంస్థలు దావానే విరమించుకొన్నవి.

చిక్కంతయు తరగతిగది దాటిన పిమ్మట. అదే కాటిసీనును చిత్రించి అంతర్జాలమున లోకమునకెల్ల విడిచినచో, ఏరిన పద్యములను పుస్తకముగా అచ్చొత్తించి అమ్మినచో, పై మినహాయింపులు కాపాడునని ధైర్యము చెప్పరాదు. బోధనార్థమైన సంకలనములకు చట్టము కొంత వెసులుబాటు ఇచ్చినను అది కడు ఇరుకైనది: అందధికభాగము స్వామ్యము లేని రచనలే కావలెను, ఒక రచయితనుండి ఒకే ప్రచురణకర్త ఐదేండ్లలో రెండు చిన్న భాగములకు మించి తీసికొనరాదు.

అంతకుమించినచో అనుమతి అడుగవలెను. అడుగుటకు ఉపాధ్యాయుడు సిద్ధమే, కాని ఎవరిని? పాత పుస్తకము తిరుగవేసిన ‘సర్వస్వామ్యములు గ్రంథకర్తవి’ అని ఉండును. గ్రంథకర్త లేరు, అచ్చుకూటము ఎన్నడో మూతపడినది, హక్కు మనుమలలో ఎవరికి దక్కినదో, ఏ ప్రచురణకర్తకు వ్రాసి ఇచ్చిరో తెలియదు. ఈ వెదకులాటకు జడిసియే పాఠ్యసంకలనములు కూర్చువారు ఇటీవలి కవులను వదలి, గురజాడ దగ్గరనే ఆగిపోవుదురేమోనని శంక. పునర్ముద్రణములు వెలువరించువారు హక్కుదారుని పేరు, చిరునామా ఒక్క పంక్తిలో అచ్చువేసినచో జగ్గయ్యపేట ఉపాధ్యాయునకు ఒక ఉత్తరముతో పని తీరును.