లోపం ఎర్తింగులో, మెమో కార్మికుని చేతిలో

సార్టింగ్ హాలులో బారుకోడు చదివే యంత్రం ఉన్నట్టుండి తడబడుతుంది. కర్మాగారంలో క్రేను ఎవరూ మీట నొక్కకుండానే నిలిచిపోతుంది. పంపుహౌసులో నీటిమట్టం చూపే పరికరం తొట్టిలో లేని నీటిని చూపుతుంది. విచారణ జరుగుతుంది. యంత్రంలో ఏ దోషమూ లేదని సరఫరాదారు ప్రతినిధి వ్రాసి ఇస్తాడు. ఇక మిగిలినవాడు ఆ షిఫ్టులో ఉన్న కార్మికుడే గనుక మెమో అతని చేతికి వస్తుంది. ఈ పద్ధతిని మేము అంగీకరించజాలము. ఇట్టి లోపాలకు మూలం పలు సందర్భాలలో మోటారు కేబుల్ తొడుగును ఎర్త్ చేసిన తీరులోనే ఉంటుంది.

విద్యుత్ అంతరాయం మన రెండు శాఖలకూ కొత్తది కాదు. 1959లో రాజ్‌ఖర్సవాన్–డంగోవాపోసి మార్గంతో మన దేశంలో 25 కిలోవోల్టుల ఏసీ విద్యుదీకరణ ఆరంభమైనది. పట్టాల వెంబడి సాగే తంతి, టెలిఫోను తీగలలో ప్రేరణ వలన అవాంఛిత వోల్టేజి పుట్టే సమస్య దానితోపాటే వచ్చినది. విద్యుదీకరణ జరిగిన మార్గాలలో ఆ తీగలను భూగర్భ కేబుళ్లలోనికి మార్చవలసి వచ్చినది. బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్లను, రిటర్న్ కండక్టర్లను అమర్చవలసి వచ్చినది. అంతరాయానికి విరుగుడు ఇంజనీరింగ్ పనిలో ఉన్నదనీ, దానికి వ్యయం చేయక తప్పదనీ నాటి అనుభవం చాటుతున్నది.

నేటి సమస్య అదే జాతికి చెందినది. మోటారు వేగాన్ని మార్చేందుకు ఇప్పుడు కన్వేయరులకు, క్రేనులకు, పంపులకు ఇన్వర్టర్ డ్రైవులు అమర్చుతున్నారు. వీటివలన కరెంటు ఆదా అవుతుంది, యంత్రానికి కుదుపు తగ్గుతుంది. వీటిని మేము వ్యతిరేకించుట లేదు. అయితే డ్రైవులోని ట్రాన్సిస్టర్లు సెకనుకు కొన్ని వేల పర్యాయాలు వోల్టేజిని తెంచి కలుపుతాయి. ప్రతి పర్యాయం వోల్టేజి మైక్రోసెకనులో స్వల్పభాగంలోనే వందల వోల్టులు ఎగబాకుతుంది. ఆ వేగానికి మోటారు చుట్టలకూ దాని ఇనుప దేహానికీ మధ్య, కేబుల్ తీగలకూ తొడుగుకూ మధ్య సూక్ష్మమైన కరెంటు దూకుతుంది. అది ఏదో ఒక దారిన డ్రైవుకు తిరిగి చేరవలసినదే. తొడుగు సరిగా ఉంటే ఆ దారిన పోతుంది. లేనిచో భవనపు ఇనుము మీదుగా, ప్రక్కనున్న సిగ్నలు తీగల మీదుగా, కొన్నిసార్లు మోటారు బేరింగుల గుండా పోతుంది. బేరింగులు గాళ్లుపడి అరిగిపోవుటకు ఇదొక కారణం.

కావున మోటారు కేబుల్ తొడుగును డ్రైవు వద్ద, మోటారు వద్ద, అనగా రెండు చివరలా ఎర్త్ చేయవలెను. ఒకే చివర ఎర్త్ చేయుట చాలునని నేర్చుకొన్న సోదరులు మనలో ఉన్నారు. వారు నేర్చినది తప్పు కాదు. అది తక్కువ ఫ్రీక్వెన్సీ గల బలహీన సంకేతాలను మోసే కేబుళ్లకు సంబంధించిన నియమం. మోటారు కేబుల్ అంతరాయానికి గురయ్యేది కాదు, అంతరాయాన్ని పుట్టించేది. రెండు భవనాల ఎర్తుల మధ్య వోల్టేజి తేడా ఉన్నచోట తొడుగులో భారీ కరెంటు పారే ప్రమాదం ఉన్నమాట నిజమే. అక్కడ కేబుల్ వెంబడి లావుపాటి ఎర్త్ తీగను వేసి ఆ భారాన్ని దానికి అప్పగించవలెను.

కలిపే తీరు కూడా ముఖ్యం. అల్లిక తొడుగును మెలిపెట్టి పిలకగా చేసి ఒక స్క్రూకు బిగించుట తరచుగా కనిపించే పని. పది సెంటీమీటర్ల పిలకకు సుమారు 0.1 మైక్రోహెన్రీ ఇండక్టెన్సు ఉంటుంది. 50 హెర్ట్జ్ వద్ద దాని అడ్డు లెక్కలోనికి రాదు. కోటి హెర్ట్జ్ వద్ద అది ఆరు ఓములకు పైగా ఉంటుంది. మల్టీమీటరు పెట్టి చూచిన ఇన్‌స్పెక్టరుకు సున్నా కనిపిస్తుంది, యంత్రానికి గోడ కనిపిస్తుంది. తొడుగు చుట్టూ నలువైపులా బిగిసే లోహపు గ్లాండు వాడవలెను. దాని క్రింద పెట్టె రంగును గీకి లోహానికి లోహం తగిలించవలెను.

మరొక మాట హెచ్చరికగా చెప్పుచున్నాము. అంతరాయం తగ్గుతుందని మోటారు ఎర్త్ తీగనే విప్పివేయుట ప్రాణాంతకం. ఇన్సులేషన్ చెడినప్పుడు మోటారు దేహం షాకు కొడుతుంది. ఏ అధికారి నోటిమాటగా చెప్పినా ఆ పని చేయవద్దు.

ఇంత తెలిసిన విషయం ఎందుకు అమలు కాదు? అత్యల్ప ధరకు టెండరు పొందిన కాంట్రాక్టరు మొదట మిగుల్చుకొనేది కంటికి కనిపించని చోటనే. గ్లాండుకు బదులు పిలక, తొడుగు కేబులుకు బదులు మామూలు కేబులు, సిగ్నలు తీగలకు వేరే దారి వేయుటకు బదులు ఒకే ట్రే. అతడు బిల్లు తీసుకొని వెళ్లిపోతాడు. దాని ఫలితాన్ని ఏళ్ల తరబడి మోసేది నిర్వహణ కార్మికుడు, సార్టింగ్ సహాయకుడు.

అందుచేత మేము కోరునది ఇది. డ్రైవు అమర్చిన ప్రతిచోటా పని అప్పగింతకు ముందు నిర్వహణ సిబ్బంది తనిఖీ చేసి సంతకం చేయవలెను. వారి సంతకం లేనిదే బిల్లు చెల్లించరాదు. తగిన గ్లాండులు స్టోర్సులో ఉంచవలెను. ఈ పనిలో శిక్షణ డ్యూటీ వేళలలోనే ఇవ్వవలెను. అకారణంగా యంత్రం ఆగినప్పుడు కేబుల్, ఎర్తింగు పరీక్షించిన నివేదిక లేకుండా ఏ కార్మికునికీ మెమో ఇవ్వరాదు.

శాఖా సంఘాలు తమ పరిధిలోని డ్రైవుల వద్ద తొడుగు ఎట్లు కలిపి ఉన్నదో చూచి, స్థానిక చర్చల అజెండాలో ఈ అంశం చేర్చవలసినదిగా కోరుచున్నాము. తదుపరి మెమో వచ్చునాటికి మన చేతిలో తనిఖీ నివేదిక సిద్ధంగా ఉండవలెను.