పీటల మీద మగపిల్లాడు

గురజాడ 'కన్యాశుల్కం' మలికూర్పు 1909లో వచ్చింది. ఎన్నిసార్లు చదివినా నన్ను వదలని ఘట్టం అందులో ఒకటుంది. ముసలి లుబ్ధావధాన్లు పెళ్లికని బేరమాడి ఆడపిల్లను కొన్నాననుకుంటాడు. ఆ 'పిల్ల' చీర కట్టిన మగపిల్లాడని, కరటకశాస్త్రి శిష్యుడని మనకు తెలుసు. ఆయనకు తెలీదు. తనంత తెలివైనవాడు లేడనుకునే రామప్పంతులుకూ తెలీదు. పగలబడి నవ్వుతాం. నవ్వుతుండగానే గుండె కలుక్కుమంటుంది: ఈ వేషం కట్టకపోతే ఆ పెళ్లిపీటల మీద కరటకశాస్త్రి మేనకోడలు, పసిపిల్ల సుబ్బి కూర్చునేది!

నీతి చెప్పే పనిని గురజాడ ఉపన్యాసాలకు వదల్లేదు, పాత్రలకు అప్పగించాడు. వేశ్యలంటే గిట్టని సౌజన్యారావు పంతులు, మగవేషంలో వచ్చిన వేశ్య మధురవాణిని మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఆయన మంచివాడే. కానీ ఆ గదిలో లోకం ఎక్కువ తెలిసింది ఆమెకే. మాయగాడు గిరీశం గుట్టు తెలిసిందీ ఆమెకే. పెద్దమనిషి చూపులోని లోపాన్ని నాటకకర్త ఎత్తిచూపడు, మనచేతే పట్టిస్తాడు. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఈ సంచికను నాటకానికే కేటాయించాం. చదివాక 'కన్యాశుల్కం' మరోసారి తీయండి. వీలైతే ఇంట్లో నలుగురూ కూర్చుని, పాత్రలు పంచుకుని, పైకి చదవండి.