వీసా గేటు దగ్గరా వెలివాడేనా?

కోనసీమ నుంచి వచ్చిన ఒక చెల్లెలు మా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. "వీసా వచ్చేసిందన్నాడండి ఏజెంటు. మిగతా డబ్బు కట్టేయమంటున్నాడు. ఇందులో ఏం రాసుందో కాస్త చదివి పెట్టండన్నయ్యా" అంది. అప్పటికే ఎనభై వేలు ఇచ్చేసింది, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. చదివాం. ఆమె వెళ్ళాల్సింది కువైటు, ఇంటిపనికి. చేతిలో ఉన్నది దుబాయి వీసా. అదీ పనికి కాదు, చూసి రావడానికి. విజిట్ వీసా, ముప్పై రోజులు. పొద్దున లేస్తే కొబ్బరి డొక్కలు మోసే మనిషి దుబాయిలో మేడలు చూడ్డానికి విమానం ఎక్కుతోందన్నమాట!

దుబాయిలో ఇంకో మనిషి ఉంటాడట. అతను కువైటు వీసా చేతిలో పెట్టి అక్కడినుంచి ఇంకో విమానం ఎక్కిస్తాడట. ఎక్కిస్తే ఆమె కువైటు చేరుతుంది, కానీ మన సర్కారు లెక్కల్లో పనికి వెళ్ళినట్టే ఉండదు. ఒప్పందం కాగితం ఉండదు, బీమా ఉండదు. ఎక్కించకపోతే ముప్పై రోజులు దాటినప్పటి నుంచీ రోజుకు 50 దిర్హాముల జరిమానా. వీసాలో రాసింది ఒకటి, చేసే పని ఒకటి అయితే, పట్టుబడిన రోజున జైల్లో కూర్చునేది ఏజెంటు కాదు. కరీంనగర్, నిజామాబాద్ వైపు అన్నలు ఈ బతుకుని 'ఖల్లివెల్లి' అంటారు. కువైటులో 2018లో, దుబాయి వైపు 2018లోనూ 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇలాంటివాళ్ళు జరిమానా, జైలు లేకుండా బయటపడే వీలు దొరికింది.

ఏజెంటు దొంగే. అందులో వాదన లేదు. కానీ ఏజెంటుని తిట్టి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. వాడికి ఈ దొడ్డిదారి తెరిచిపెట్టిందెవరు?

ఆమె పాస్‌పోర్టు చివరి పేజీలో మూడక్షరాలున్నాయి. ఈసీఆర్. అంటే 'వలస తనిఖీ అవసరం' అని. పదో తరగతి పాస్ కానివాళ్ళకు పడే ముద్ర ఇది. ఆదాయపు పన్ను కట్టేవాడికి ఇది అక్కర్లేదు. ఈ ముద్ర ఉన్నవాళ్ళు పని కోసం 18 దేశాలకు వెళ్ళాలంటే, అందులో గల్ఫు దేశాలన్నీ ఉన్నాయి, 1983 వలస చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. అదే పాస్‌పోర్టు మీద చూడ్డానికి వెళ్తే ఏ అనుమతీ వద్దు. ఇదే ఆ సందు. ఏజెంట్లంతా దూరేది ఈ సందులోంచే.

పదో తరగతి పాస్ కానివాళ్ళెవరో తెలుసుకోవడానికి ఏ సర్వే కావాలి? మాలపేటలో, మాదిగపేటలో నాలుగు గుమ్మాలు ఎక్కి అడిగితే చాలు. బడిలో వెనక కూర్చోబెట్టి, నాట్లకీ కోతలకీ పిల్లల్ని మాన్పించేలా కూలి రేట్లు పెట్టి, చదువు ఆపించింది ఈ సమాజమే. ఆపించిన చదువుని మళ్ళీ పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి చూపిస్తున్నదీ ఇదే.

2018 జనవరిలో ఇంకో ముచ్చట జరిగింది, చాలామంది మరిచిపోయుంటారు. ఈసీఆర్ వాళ్ళకు నారింజ రంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తామని విదేశాంగ శాఖ ప్రకటించింది. చదువుకున్నవాళ్ళది నీలం, చదువు లేనివాళ్ళది నారింజ! మెడలో ముంత, నడుముకి తాటాకు కట్టి తిప్పిన దేశానికి ఈ ఆలోచన రావడంలో వింతేముంది? జనం గొడవ చేశారు, రెండు వారాలు దాటీ దాటకముందే జనవరి 30న ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. రంగు పోయింది. ముద్ర ఉంది.

ఇక ఆడవాళ్ళ సంగతి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషికి 30 ఏళ్ళు నిండందే ఈ దేశాల్లో పనికి అనుమతి లేదు. దానిమీద 2016 ఆగస్టు నుంచి, నర్సులు కాక మిగతా ఈసీఆర్ మహిళల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మన దగ్గర ఆంధ్రాలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. అరబ్బు ఇళ్ళలో ఆడపిల్లలు పడ్డ హింస చూసి పెట్టిన నిబంధనలు ఇవి. పెట్టినవాళ్ళ మనసు మంచిదే కావచ్చు. కానీ ఫలితం ఏమైంది? ఓంక్యాప్ పేరు ఎన్ని పేటల్లో తెలుసు? ఏజెంటు మాత్రం వీధి అరుగు మీదే కూర్చునుంటాడు, అమ్మా అక్కా అని పిలుస్తాడు, మొదట్లో తన డబ్బు కూడా పెడతాడు. ముందు గేటుకి తాళం వేసి, దాని తాళంచెవి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెడితే, ఆకలిగా ఉన్న మనిషి దొడ్డి గోడ దూకుతుంది. 27 ఏళ్ళ మనిషికి 31 అని కాగితం పుట్టించే దుకాణాలు అందుకే నడుస్తున్నాయి.

ఆ పక్కన లండన్, అమెరికాలకు వెళ్ళే బాబుల కాగితాలూ చూడండి. లండన్ చదువు వీసాకి 28 రోజులపాటు బ్యాంకులో డబ్బు నిలిచి ఉండాలి. చేలు ఉన్నవాళ్ళకీ, మామయ్యలు ఉన్నవాళ్ళకీ అది ఒక నెల సర్దుబాటు. మన పిల్లాడికి సీటొచ్చినా ఆ 28 రోజులు దాటడమే గండం. వాళ్ళ దారిలో 'ఏముంది' అని అడుగుతారు, మన దారిలో 'ఏం చదివావు' అని అడుగుతారు. రెండూ మనకు లేకుండా చేసింది ఒక్కళ్ళే.

పేరు దగ్గరా ఇదే కథ. 2022 నవంబరు 21 నుంచి, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వమని యూఏఈ ప్రకటించింది. తర్వాత, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరే అన్నారు. మనకు ఇంటిపేర్లు లేవా? ఉన్నాయి. రాసినవాళ్ళు రాయలేదు. బళ్ళో వేసినప్పుడు పంతులు 'ఎల్లమ్మ' అని వదిలేస్తాడు, రేషను కార్డులో 'యల్లమ్మ' అవుతుంది, ఆధార్‌లో ఇంకేదో అవుతుంది. పాత దస్తావేజుల్లోనైతే ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం పేరే ఉండేది. ఆ రాతల తప్పుకి ఇప్పుడు విమానాశ్రయంలో దండుగ కట్టేది మనమే. పుట్టిన తేదీకి 2016 డిసెంబరులో కొంత సడలింపు ఇచ్చారు, ఆధార్ లాంటి కాగితాలూ చెల్లుతాయన్నారు. కానీ 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందని 2025లో రూలు మార్చారు. ఇవాళ పేటలో పుట్టిన బిడ్డ పేరు ఇంటిపేరుతో సహా రాయించడం ఇవాళే చేయాల్సిన పని.

కార్యకర్తలు ప్రత్యేకంగా గమనించాల్సింది ఇంకోటుంది. అట్రాసిటీ కేసు పెట్టగానే అవతలివాళ్ళు మన కుర్రాళ్ళ మీద ఎదురు కేసు పెట్టడం కారంచేడు నాటి నుంచీ చూస్తున్నాం. ఆ ఎదురు కేసే తర్వాత పాస్‌పోర్టుకి అడ్డం పడుతుంది. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు ఆపవచ్చని చట్టంలో ఉంది. అయితే ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన కోర్టులో కేసు నడుస్తున్నట్టు కాదు, కోర్టు విచారణకు స్వీకరించాలి. స్వీకరించినా, 1993 నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు నుంచే అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇవ్వాలి. అనుమతిలో గడువు రాయకపోతే ఏడాదికే ఇస్తారు, కాబట్టి గడువు రాయించుకోండి. ఇది తెలియక 'కేసుందిగా, ఇక రాదు' అని కానిస్టేబులు చెప్పిన మాటకే వెనక్కి తిరిగిన కుర్రాళ్ళు మనలో ఉన్నారు.

డబ్బు విషయం. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతే. అదీ రసీదుతో. లక్ష, లక్షన్నర అడిగాడంటే వాడు లైసెన్సు లేనివాడు, లేదా ఉండి దోచేవాడు. పైగా వీధుల్లో తిరిగే సబ్ ఏజెంటుకి చట్టంలో చోటే లేదు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. పని ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. శవపేటిక తెప్పించడానికి ఊరంతా చందాలు వేసుకునే మనకు ఈ 275 రూపాయల సంగతి ఎవరూ చెప్పలేదు. కువైటు వీసా అయితే నంబరు చూడండి: 20 అంటే ఇంటిపని, 18 అంటే కంపెనీ పని. దుకాణంలో పని అని చెప్పి 20 చేతిలో పెట్టారంటే మోసమే. అక్కడ 2015లో ఇంటిపనివాళ్ళ కోసం ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, వారానికి ఒకరోజు సెలవివ్వాలి. చట్టం ఉంది గనక అమలవుతోందని కాదు. మన ఊళ్ళో కనీస కూలి చట్టం అమలైనట్టే అదీ. అయినా అడగడానికి ఒక మాట చేతిలో ఉండాలి.

వీసా ఇచ్చిన యజమాని మాట మీదే మనిషి ఉండటం, పోవటం, వేరే చోట చేరటం అనే ఆ కఫాలా మనకేం కొత్త కాదు. మన తాతలు పాలేర్లుగా, జీతగాళ్ళుగా ఉన్నది ఆ పద్ధతిలోనే. దాన్నుంచి తప్పించుకుందామనే గదా ఈ ఆడవాళ్ళు సముద్రం దాటుతున్నది.

మేం అడిగేది పంపించడం ఆపమని కాదు. ఆ 30 ఏళ్ళ నిబంధన తీసేయాలి. మగవాడికి లేని వయసు ఆడదానికెందుకు? ఓంక్యాప్, టామ్‌కామ్ మనుషులు మండలాల్లో కూర్చోవాలి, ఒప్పందం తెలుగులో ఇచ్చి, చదివి వినిపించాకే సంతకం పెట్టించుకోవాలి. విజిట్ వీసా మీద పనికి పంపేవాడి మీద కేసు పెట్టాలి, పోయినామె మీద కాదు. అందాకా మన సంఘాల్లో ఇంగ్లీషు చదవగల కుర్రాడో అమ్మాయో ఒకరు, డబ్బు చెల్లించకముందే ప్రతి వీసా కాగితం చదివి పెట్టాలి.

ఆ చెల్లెలికి ఇవన్నీ చెప్పాం. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "చట్టప్రకారం వెళ్ళాలంటే నాకింకా మూడేళ్ళు పడుతుందంటారు. ఆయ్, సరేనండి. మరి ఈ ఎనభై వేలకీ మూడేళ్ళ వడ్డీ ఎవరు కడతారన్నయ్యా?" అంది.