నడుము నొప్పి: రోగి ఆశను నిర్ణయించే వైద్యుని మాట

ప్రపంచంలో మనుషులను అన్నిటికంటే ఎక్కువగా పనికి దూరం చేస్తున్న ఆరోగ్య సమస్య నడుము నొప్పి. 2020లో దాదాపు 61.9 కోట్ల మందిని బాధించిన ఈ నొప్పి 2050 నాటికి 84 కోట్ల మందికి చేరుతుందని అంచనా. వీరిలో సుమారు 90 శాతం మంది విషయంలో ఫలానా ఎముకో, డిస్కో, నరమో కారణమని కచ్చితంగా చూపించడం సాధ్యం కాదు. కొత్తగా వచ్చిన నొప్పి చాలామందికి కొద్ది వారాలలోనే బాగా తగ్గుతుంది కాబట్టి రోగికి ధైర్యం చెప్పడమే తొలి చికిత్స అని వైద్య మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి గాని, ఆ ధైర్యం ఎలా చెప్పాలన్న దానిపై వైద్య విద్యలో దక్కుతున్న శ్రద్ధ చాలా తక్కువ.

బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త తమార్ పింకస్ బృందం 2013లో ఈ భరోసాను రెండు రకాలుగా విడదీసి చూసింది. సానుభూతి చూపి, "ఏం కాదు, భయపడకండి" అని ఊరడించడం ఒకటి. నొప్పి ఎందుకు వస్తుందో, ఎన్నాళ్లుంటుందో, ఏ పనులు చేసుకోవచ్చో, ఏ లక్షణం కనిపిస్తే మళ్లీ రావాలో విడమరచి చెప్పడం రెండోది. వివరణ వల్ల రోగి ఆందోళన తగ్గి ఆ తగ్గుదల తరవాత కూడా నిలవగా, ఉత్త ఊరడింపు వల్ల అలాంటి మేలు నిలిచినట్లు కనిపించలేదు. ఇందులో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే బాధతో వంగలేకపోతున్న మనిషికి "ఏమీ లేదు" అన్న మాట తన నొప్పిని నమ్మలేదన్నట్లు వినిపిస్తుంది. స్కానింగ్ తీస్తేనే అసలు సంగతి బయటపడుతుందన్న పట్టుదల అక్కడే మొదలై, అతడిని మరో వైద్యుని దగ్గరికి నడిపిస్తుంది.

తీరా స్కానింగ్ తీస్తే భయం తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ. అమెరికాలో 1994లో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసినప్పుడు 52 శాతం మందిలో కనీసం ఒక డిస్క్ ఉబ్బి కనిపించింది; వయసుతో తల నెరిసినట్లే డిస్కులూ మారతాయి. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి వైద్యులు 2021లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, కొందరు రోగులకు రిపోర్టులోని ప్రతి లోపాన్నీ వివరించి, మరికొందరికి అవి వయసుతో వచ్చే మామూలు మార్పులేనని చెప్పారు. ఆరు వారాల తరవాత చూస్తే మొదటి వర్గంవారిలో భయం ఎక్కువగా, కోలుకోవడం తక్కువగా ఉంది. తెలుగునాట "డిస్క్ జారింది", "గుజ్జు అరిగిపోయింది" అన్న మాటలు రోగితో పాటు వచ్చిన కుటుంబమంతటినీ బెదిరించి, బరువు ఎత్తవద్దు, వంగవద్దు అన్న ఆంక్షలుగా మారి, ఆపరేషన్ తప్పదన్న నమ్మకాన్ని పెంచుతాయి.

ఈ నమ్మకాలు మార్చలేనివి కావు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1997 నుంచి 1999 వరకు, మంచానికి అతుక్కుపోకుండా రోజువారీ పనులు కొనసాగించమని టీవీ ప్రకటనల ద్వారా చెప్పినప్పుడు, ప్రజలతో పాటు వైద్యుల అభిప్రాయాలూ మారి, నడుము నొప్పికి పరిహారం కోరే దరఖాస్తులు తగ్గాయి. అలాంటి ప్రచారం జరగని పొరుగు రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో ఆ మార్పు రాలేదు.

అయితే పరీక్షించకుండా ఇచ్చే భరోసా ప్రమాదకరం. మూత్రం, మలంపై అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాళ్లు బలహీనపడటం, జ్వరంతో బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం వంటివి లేవని నిర్ధారించుకున్నాకే ధైర్యం చెప్పాలి. వెన్నెముకకు క్షయ సోకడం అరుదేమీ కాని మన దేశంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. రోగిని ముట్టుకుని, వంచి, నడిపించి చూసి, చూసినదాన్ని అతడికి అర్థమయ్యే తెలుగులో చెప్పడానికి ఓపీలో పది నిమిషాల వ్యవధి కల్పించడం కొత్త యంత్రాలు కొనడం కంటే ముందు చేయవలసిన పని; ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ దీనిని చికిత్సలో భాగంగానే లెక్కించాలి.