బడులలో సాంఖ్యకశాస్త్ర బోధన

మన ఉన్నత పాఠశాలలలో పదవ తరగతి బాలబాలికలకు సాంఖ్యకశాస్త్రము నేర్పుచున్నామని పెద్దలు చెప్పుచుందురు. పాఠ్యపుస్తకమున ఆ పేరిట నొక అధ్యాయము కలదనుట నిజమే. సగటు కనుగొనుటకు ప్రత్యక్షపద్ధతి, విచలనపద్ధతి, సోపానవిచలనపద్ధతి యని మూడు మార్గములును, మధ్యగతమునకును బాహుళకమునకును చెరియొక సూత్రమును అందున్నవి. విద్యార్థి వానిని వల్లించి, ఇచ్చిన పట్టికలోని అంకెలను సూత్రమున నిలిపి, మార్కులు తెచ్చుకొనును. ఆ అంకె లెచ్చటినుండి వచ్చినవి? ఎవరు లెక్కించిరి? లెక్కలో ఎవరిని విడిచిరి? ఈ ప్రశ్నలు వాడడుగడు. అడిగినను బదులు చెప్పువారు లేరు. ఇది సాంఖ్యకశాస్త్రము కాదు. కూడికలును భాగహారములును మాత్రమే. వానిని ఆ పిల్లవాడు అయిదవ తరగతిలోనే నేర్చియున్నాడు.

ఈ శాస్త్రము పుట్టినది పట్టికలలో గాదు, వీధులలో. 1854 వ సంవత్సరమున లండను నగరమందలి సోహో పేటలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో యను వైద్యుడు మృతుల యిండ్లకు బోయి, వా రే నీరు త్రాగిరో విచారించెను. మరణములు బ్రాడ్ వీధి పంపు చుట్టును గుమిగూడియుండెను. ఈ కథ పలువు రెరిగినదే. మాకు ఇంతకంటె ముఖ్యమని తోచునది మరియొకటి కలదు. ఆ సమీపముననే యున్న బీదల యాశ్రమమున 535 మంది యుండగా అయిదుగురు మాత్రమే మరణించిరి; వారికి వేరుగా బావి కలదు. ఆ వీధిలోనే యున్న బీరు బట్టీలో పనివారు డెబ్బదిమందికి పైబడి యుండియు నొక్కరును చావలేదు. వారు బీరు త్రాగువారు, బట్టీలోనే వారికి బావియు గలదు. చచ్చినవారిని లెక్కించుట గుమాస్తా పని. చావనివారేల చావలేదని యడుగుట శాస్త్రజ్ఞుని పని. మన పాఠ్యపుస్తకము ఈ రెండవ పనికి ఒక్క పుటయైనను కేటాయింపలేదు.

మన దేశమునకు వత్తము. 1931 లో కలకత్తాయందు భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిసు, వంగదేశపు జనుము పంట యెంతయో తెలిసికొనుటకు మనుష్యులను పొలముల మీదికే పంపెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని 1946 లో కేంబ్రిడ్జికి పంపినది సూత్రములు వ్రాయుటకు గాదు, సూడాను దేశమున త్రవ్వితీసిన ప్రాచీనుల యస్థిపంజరముల కొలతలను పరిశీలించుటకు. 2023 లో స్వర్గస్థులైన ఆ మహనీయుని పేరు చెప్పి మన మందరము గర్వపడుచున్నాము. ఆయన చేసిన పనిని మన పిల్లలచే చేయింపము.

చేయించుటకు కావలసిన దేమి? ఒక నల్లబల్లయు, ఇరువదిమంది పిల్లలును చాలును. “మీ తల్లిదండ్రులకు మీరెందరు బిడ్డలు?” అని తరగతిలో నందరిని అడిగి సగటు కట్టింపుడు. ఆ సంఖ్య ఊరిలోని కుటుంబముల సగటు కాదు; దానికంటె పెద్దది. ఏల? పది యిండ్ల పల్లె నొకదానిని ఊహింతము. రెండిండ్ల బిడ్డలు లేరు. మూడిండ్ల ఒక్కొక్కరు, మూడిండ్ల ఇద్దరిద్దరు, రెండిండ్ల నలుగురేసి. మొత్తము 17 గురు. ఇంటికి సగటు 1.7. ఇప్పుడు ఆ పదునేడుగురిని బడిలో కూర్చుండబెట్టి అడిగినచో, ఒకరున్న యింటివారు ముగ్గురు ‘ఒకటి’ యనియు, ఇద్దరున్న యిండ్లవారు ఆరుగురు ‘రెండు’ అనియు, నలుగురున్న యిండ్లవారు ఎనమండుగురు ‘నాలుగు’ అనియు చెప్పుదురు. అన్నియు కలిపిన 47. పదునేడింట భాగించిన 2.76. ఎవరును అబద్ధమాడలేదు, కూడికలో తప్పులేదు, అయినను సమాధానము తప్పు. బిడ్డలు లేని యింటిని ప్రశ్నించినవారు లేరు. నలుగురున్న యిల్లు నాలుగుమారులు లెక్కకు వచ్చినది. దీనిని స్వయముగా కనిపెట్టిన బాలిక, రేపు వార్తాపత్రికలో ‘నూటికి ఎనుబదిమంది అభిప్రాయము’ అని చదివినప్పుడు, ఎవరి నడిగిరని తప్పక యడుగును. సోపానవిచలనపద్ధతి నూరుమారులు వ్రాసిన బాలిక అడుగదు.

మరియొక వింత చూడుడు. పదేండ్ల కొకమారు జరుగు జనాభా లెక్కలకు ఇల్లిల్లు తిరుగువారు మన ఉపాధ్యాయులే. 2011 లోను అట్లే తిరిగిరి. తలుపు తట్టినప్పుడు ఇంట లేనివారి నేమి చేయవలెను, వయస్సు తెలియని ముసలమ్మ వయస్సు నెట్లు వ్రాయవలెను, వలసపోయిన కొడుకు ఏ యింటివాడు అను చిక్కులన్నియు వారెరుగుదురు. ఇదే సాంఖ్యకశాస్త్రపు ప్రాణము. కాని బడికి మరలివచ్చి సుద్దముక్క చేత బట్టినంతనే ఆ యనుభవ మంతయు గడపవెలుపల విడిచి, బాహుళకపు సూత్రము వ్రాయుదురు. ఉపాధ్యాయునియందు మాకు కోపము లేదు. వాని నట్లు వ్రాయుమని నిర్బంధించునది పరీక్ష.

కాలము చాలదందురా? విచలనపద్ధతులు పెద్ద గుణకారములను చేతితో చేయు దినములలో శ్రమ తగ్గించుటకు కల్పించిన యుపాయములు. ఇప్పుడు ఆ పని ఫోను చేయగలదు. మూడు మార్గములలో రెంటిని తీసివేయుడు, రెండు వారములు మిగులును. పిల్లలు కొలతలలో తప్పులు చేయుదురందురా? చేయవలెను. ఒకే వసారా పొడవును పదిమందిచే విడివిడిగా కొలిపించినచో ఒక్కొక్క మారొక్కొక్క సంఖ్య తేలును. కొలతకు చలనము కలదని తెలియుటకు ఇంతకంటె చౌకయైన పాఠము లేదు. ఇతర దేశములకు ఇది కొత్త కాదు; న్యూజీలాండువారు 2007 పాఠ్యప్రణాళికలో ఆ విషయమునకు ‘గణితము, సాంఖ్యకశాస్త్రము’ అనియే పేరు పెట్టుకొనిరి.

ప్రాజెక్టుల పేరిట ఇదంతయు జరుగుచునే యున్నదని చెప్పువారును కలరు. అంగడిలో కొన్న గైడులోని పట్టికను రంగు పెన్సిళ్లతో దించి తెచ్చుటను మేము పరిశోధన యనజాలము. పిల్లలను ఇండ్ల మీదికి తోలి ఆదాయములు, అప్పులు, కులములు అడిగించుటయు మా యభిమతము గాదు. పొరుగువారి గుట్టు పిల్లవాని పుస్తకమున కెక్కరాదు. వాన యున్నది, బావినీటి లోతున్నది, సంతలో టమాటాల ధర యున్నది, మధ్యాహ్న భోజనమున పారవేయు అన్న మున్నది. వీనిని లెక్కించుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు.

పరీక్షాధికారులను మేము కోరున దొక్కటి. వచ్చు సంవత్సరపు ప్రశ్నపత్రమున ఒక చిన్న పట్టికను, దాని నెట్లు సేకరించిరో తెలుపు రెండు పంక్తులను ముద్రించి, సగటు అడుగుటకు మారుగా, “ఈ లెక్కలో రానివారెవరు? వారు వచ్చినచో సగటు పెరుగునా, తగ్గునా?” అని నాలుగు మార్కుల ప్రశ్న నొకటి యిండు. ఆ మరుసటి జూను మాసముననే ప్రతి బడిలోను బోధన దానంతట నదే మారును. గైడులు వ్రాయువారు ఏమి చేయుదురో అదియు చూతము.